రాలని వెంట్రుక ఎక్కడికి పోతుంది: షిట్జూతో పద్నాలుగు నెలలు

మా ఇంట్లో కుక్కను పెంచడానికి మొదటి అడ్డంకి మావారి ఉబ్బసం, రెండో అడ్డంకి మా అత్తగారు. "తినే కంచంలో వెంట్రుక కనబడిన రోజున ఆ కుక్కైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని ఆవిడ ముందే తేల్చి చెప్పారు. మా అబ్బాయి మాత్రం ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా అడగడం మానలేదు. చివరికి వాడే ఒక మధ్యేమార్గం చెప్పాడు: వెంట్రుకలు రాలని జాతి కుక్కను తెచ్చుకుంటే నాన్న ఆయాసం, నానమ్మ అభ్యంతరం రెండూ ఒకేసారి తీరిపోతాయి కదా అని. అప్పట్లో ఆ మాట మాకందరికీ సబబుగానే తోచింది. విజయవాడ మొగల్రాజపురంలో మూడో అంతస్తులో ఉన్న మా ఫ్లాటుకు షిట్జూ జాతి కుక్క వచ్చి ఇప్పటికి పద్నాలుగు నెలలయింది.

దానికంటే ముందు ఒక పగ్ సంగతి చెప్పాలి. మా ఆడపడుచు కుటుంబం కాశీ వెళ్తూ తమ పగ్‌ను పది రోజులు మాకు అప్పగించింది. దాని వెంట్రుక వేలి గోరంత పొడవు కూడా లేదు కనుక రాలడానికి ఏముంటుందిలే అనుకున్నాము. మూడో రోజుకు సోఫా గుడ్డలో ఆ వెంట్రుకలు సన్నని ముళ్ళలా గుచ్చుకొని చీపురుకు, తడిగుడ్డకు, దేనికీ లొంగకుండా నిలిచిపోయాయి. ఐదో రోజు రాత్రి మావారికి పిల్లికూతలు మొదలై నెబ్యులైజర్ పెట్టవలసి వచ్చింది. పొట్టి వెంట్రుక ఉన్న కుక్క తక్కువ రాల్చుతుందని అనుకోవడం ఎంత పొరపాటో మాకు అలా తెలిసింది. పొట్టి వెంట్రుక కొద్ది వారాలు పెరిగి ఆగిపోతుంది, ఆగినది రాలుతుంది, దాని చోట మరొకటి మొలుస్తుంది. పగ్, బీగిల్, లాబ్రడార్ ఏడాది పొడవునా అందుకే రాలుస్తూ ఉంటాయి. పూడిల్, షిట్జూ, మాల్టీస్, లాసా ఆప్సో వంటి వాటిలో ఈ పెరిగే దశ చాలా ఎక్కువ కాలం సాగుతుంది. మన తలవెంట్రుకలాగే కత్తిరించేదాకా పెరుగుతూ పోతుంది. కుక్కల వెంట్రుకల్లో మనకు కనబడే తేడాల్లో అత్యధిక భాగం మూడే మూడు జన్యువుల నుంచి వస్తున్నదని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. పొడవును ఒకటి, ఉంగరాలు తిరగడాన్ని ఒకటి, మూతి దగ్గర మీసం, గడ్డం రావడాన్ని ఒకటి నిర్ణయిస్తాయట.

పగ్ వెళ్ళిపోయిన తరువాత మావారిని అలర్జీ పరీక్షకు తీసుకువెళ్ళాను. చేతిమీద చుక్కలు పెట్టి చేసే పరీక్షలో ఇంటి దుమ్ములోని పురుగుకు పెద్ద దద్దురు, కుక్కకు దానికంటే చిన్న దద్దురు వచ్చాయి. నేను వెంటనే "అయితే వెంట్రుకలు రాలని కుక్క ఫరవాలేదా?" అని అడిగాను. డాక్టరు గారు నవ్వి, ఉబ్బసాన్ని రేపేది వెంట్రుక కాదని, కుక్క లాలాజలంలోనూ చర్మపు పొట్టులోనూ మూత్రంలోనూ ఉండే కొన్ని ప్రోటీన్లని చెప్పారు. వెంట్రుక వాటిని మోసుకువచ్చే బండి మాత్రమే. బండ్లు తగ్గితే సరుకు కొంత తగ్గవచ్చు గాని, ఏ కుక్కా తన ఒళ్ళు నాకకుండా ఉండదు, ఏ కుక్క చర్మమూ పొట్టు రాల్చకుండా ఉండదు. 2011లో అమెరికాలోని డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి చెందిన పరిశోధకులు కుక్కలున్న ఇళ్ళ నేల దుమ్మును పరీక్షించినప్పుడు, 'అలర్జీ రాని జాతులు' అని పేరున్న కుక్కల ఇళ్ళకూ మామూలు కుక్కల ఇళ్ళకూ ఆ ప్రోటీన్ పాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని కూడా ఆయనే చెప్పారు. ఇంటికి వచ్చేసరికి మా అబ్బాయి మొహం చూడవలసి వచ్చింది. కాని డాక్టరు గారు పూర్తిగా వద్దనలేదు. జాతి పేరు చూసి కొనవద్దని, ఎంచుకున్న ఆ ఒక్క కుక్క దగ్గరే నాలుగైదు సార్లు కూర్చుని చూసి నిర్ణయించుకొమ్మని అన్నారు.

ఒక్కో కుక్కది ఒక్కో తీరు అనే ఈ మాటకు లాబ్రడూడిల్ కథకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1980ల చివర ఆస్ట్రేలియాలో అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే సంస్థలో పనిచేసిన వాలీ కాన్రన్, హవాయిలో ఉన్న ఒక అంధురాలి కోసం లాబ్రడార్‌ను, పూడిల్‌ను కలిపి పిల్లలు తీయించాడు. ఆమె భర్తకు కుక్కలు పడవు. మూడు పిల్లల వెంట్రుకలను, లాలాజలాన్ని అక్కడికి పంపి పరీక్ష చేయిస్తే ఒక్కదానికి మాత్రమే ఆయనకు అలర్జీ రాలేదు. ఒకే తల్లి, ఒకే కాన్పు, అయినా ఇంత తేడా! బరాక్ ఒబామా పెద్దకూతురికి అలర్జీ ఉందని 2009లో వైట్‌హౌస్‌కు పోర్చుగీస్ వాటర్ డాగ్ వచ్చిన తరువాత లోకమంతా జాతుల పేర్లే చెప్పుకుంది గాని ఈ సంగతిని పెద్దగా పట్టించుకోలేదు.

అమ్మకందారులు కూడా పట్టించుకోరు. నగరంలో ఒకచోట మాకు మాల్టీస్, పూడిల్ కలిసిన పిల్లను చూపించి, "దీనికి జన్మలో ఒక్క వెంట్రుక రాలదు, అలర్జీ అసలే రాదు" అని హామీ ఇచ్చారు. దాని వయసు అడిగితే ముప్ఫై అయిదు రోజులన్నారు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అదీగాక కుక్కపిల్లకు మొదట ఉండే మెత్తని బొచ్చు ఏడాది లోపల మారిపోయి అసలు వెంట్రుక వస్తుంది కనుక, సంకరజాతి పిల్ల పెద్దయ్యాక తల్లిలా ఉంటుందో తండ్రిలా ఉంటుందో ముప్ఫై అయిదు రోజులప్పుడు బ్రహ్మ కూడా చెప్పలేడు. పూడిల్ పిల్లకైతే ఎనభై వేలు అడిగారు. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని. మర్యాదగా లేచి వచ్చేశాను.

మాకు కుక్క దొరికిన తీరు వేరు. భవానీపురంలో ఒక కుటుంబం అమెరికాకు వెళ్ళిపోతూ తమ నాలుగేళ్ళ షిట్జూను ఎవరికైనా ఇవ్వాలని చూస్తున్నదని మా కాలేజీలో సహోద్యోగిని చెప్పింది. ఆరున్నర కిలోల మగకుక్క, పిల్లలు కలగకుండా చేసే శస్త్రచికిత్స అయింది, టీకాలన్నీ సక్రమంగా ఉన్నాయి. పెద్ద కుక్కను తెచ్చుకుంటే మచ్చిక కాదేమోనని మావాళ్ళు సందేహించారు గాని, మా అవసరానికి అదే మేలైంది. స్వభావం, వెంట్రుక, ఆరోగ్యం అన్నీ స్థిరపడిన కుక్క అది. చూసినదాన్నే తెచ్చుకుంటాము తప్ప, ఊహించుకున్నదాన్ని కాదు. మావారు రెండు వారాల్లో నాలుగుసార్లు ఆ ఇంటికి వెళ్ళి, తలుపులు వేసిన గదిలో దానిని పక్కన కూర్చోబెట్టుకొని గంటసేపు గడిపారు. ఊపిరి బలాన్ని కొలిచే పీక్‌ఫ్లో మీటరులో ఆయన మామూలు అంకె 420. అది 340కి దిగితే ఈ ఆలోచన మానుకోవాలని డాక్టరు గారు హద్దు పెట్టారు. మొదటి రోజు కాసిని తుమ్ములు వచ్చాయి, అంకె 400 దగ్గర నిలిచింది. మిగిలిన మూడుసార్లూ అంతకన్నా తగ్గలేదు.

షిట్జూ అంటే సింహం అని, సింహంలా కనబడే కుక్క కనుక చైనాలో ఆ పేరు పెట్టారని మా అబ్బాయి వాళ్ళ నానమ్మకు వివరించాడు. ఆవిడ పుట్టిల్లు విజయనగరం. సింహం అనగానే సింహాద్రి అన్నారు, అదే పేరు నిలిచిపోయింది. కుక్కకు దేవుడి పేరేమిటని ఎవరో అడిగితే, "దేవుడి పేరు కాదమ్మా, కొండ పేరు" అని సమాధానం చెప్పారు.

వచ్చిన మూడో రోజున స్నానం చేయించాము. మేము చేసిన తప్పుల్లో పెద్దది అదే. పైకి చూస్తే సింహాద్రి వెంట్రుక నున్నగా, పొడవుగా, పట్టుదారంలా ఉండేది. ఆరిన తరువాత వీపు మీద చేయి వేస్తే లోపల గట్టిగా ఏదో పట్టా పరిచినట్లు తగిలింది. పాత యజమానులు పైపైన దువ్వేవారు; దువ్వెన చర్మందాకా దిగలేదు. ఈ జాతిలో పైన పొడుగు వెంట్రుక, కింద మెత్తని బొచ్చు రెండూ ఉంటాయి. ఊడిన బొచ్చు నేలమీద పడకుండా పొడుగు వెంట్రుకల మధ్య ఇరుక్కొని చుట్టుకుపోతుంది. అది చిక్కుగా ఉండగా తడిపితే బిగుసుకొని జడలు కడుతుంది. మేము సరిగ్గా అదే చేశాము. నేను దువ్వెన పెట్టి లాగగానే అంత నెమ్మదైన కుక్క వెనక్కి తిరిగి నా మణికట్టును పళ్ళతో పట్టుకుంది. కొరకలేదు, పట్టుకొని ఆపింది.

గ్రూమింగ్ చేసే కుర్రవాడు చెవి వెనక, చంకల్లో, పొట్ట కింద వేళ్ళతో తడిమి చూసి, "అమ్మా, ఇది దువ్వితే పోయేది కాదు. మొత్తం తీసేయాల్సిందే" అన్నాడు. మిషను చర్మానికి ఆనించి మెల్లగా తోస్తుంటే వీపు మీద నుంచి ఆ వెంట్రుక విడివిడిగా రాలలేదు. గొర్రెబొచ్చు గొంగడిలా ఒకే ముక్కగా లేచి వచ్చింది. ఎత్తి చూపిస్తే అవతలి వెలుతురు కూడా కనబడలేదు. దాని కింద చర్మం ఎర్రగా, అక్కడక్కడ తడిగా ఉంది, కుడి చంకలో రెండు పిడుదులు ఉన్నాయి. గంటన్నర పట్టింది, పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. నిజానికి ఆ పనికి అది తక్కువే. తరువాత పశువైద్యుడు చర్మానికి పూతమందు, పిడుదులకు నెలకొకసారి నమిలించే మాత్ర రాసి ఇచ్చారు. బోడిగుండుతో ఇంటికి వచ్చిన సింహాద్రిని చూసి అత్తగారు, "పాపం, తిరుపతి వెళ్ళొచ్చినట్టుంది" అన్నారు. మా ఇంట్లో దానిమీద ఆవిడ జాలిపడింది అదే మొదలు.

తక్కువ రాల్చే కుక్కల గురించి నాకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇది. రాలని వెంట్రుక మాయమైపోదు, కుక్క మీదే ఉంటుంది. లాబ్రడార్ ఇంట్లో ఆ పని చీపురు చేస్తుంది, షిట్జూ ఇంట్లో దువ్వెన చేయాలి. చీపురు ఒక పూట మానితే నేల మురికిగా ఉంటుంది, అంతే. దువ్వెన వారం మానితే కుక్కకు నొప్పి. 'రాలదు' అన్నంత మాత్రాన 'సులువు' అని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. సులువు కావాలనుకునేవారికి నా దృష్టిలో దారి ఒక్కటే: ప్రదర్శనల్లో కుక్కల్లా నేల దాకా వెంట్రుక పెంచాలనే ముచ్చట వదులుకొని, అంగుళం లోపు కత్తిరించి ఉంచడం. మేము ఇప్పుడు ఆరువారాలకోసారి అలాగే చేయిస్తున్నాము. విడతకు పద్నాలుగు వందలు. ఏడాదికి ఎనిమిది, తొమ్మిది సార్లు. ఆ లెక్కన పన్నెండు వేలు దువ్వెనకూ కత్తెరకూ పోతున్నట్లే.

దువ్వడం మాకు నేర్పింది అత్తగారు. ఒక సాయంత్రం నేను సన్నని తీగపళ్ళుండే స్లికర్ బ్రష్‌తో తంటాలు పడుతుంటే చూడలేక, "అమ్మాయీ, నీకు జడ వేయడం ఎవరు నేర్పారు? చిక్కు మొదట్లో పట్టి లాగుతారా ఎవరైనా?" అని దగ్గరకు వచ్చి కూర్చున్నారు. ముగ్గురు ఆడపిల్లలకు జడలు వేసిన చెయ్యి అది. ఎడమచేత్తో వెంట్రుకను చర్మం దగ్గర బిగించి పట్టుకొని, లాగినా నొప్పి తెలియకుండా చేసి, కొసన ఒక అంగుళం విడదీసి, తరువాత కాస్త పైకి, ఆ తరువాత ఇంకాస్త పైకి వచ్చారు. పాపిడి తీసినట్లు ఒక వరుస పక్కకు తోసి చర్మం కనబడేలా దువ్వి, దాని పక్కనే మరో వరుస తీశారు. గ్రూమింగ్ కుర్రవాడు నాకు చూపించబోయినదీ ఇదే పద్ధతి; అతని మాటల్లో నాకు ఎక్కలేదు. బ్రష్ అయ్యాక ఇనుప దువ్వెన ఎక్కడా తట్టుకోకుండా చర్మం నుంచి కొస దాకా దిగితేనే పని పూర్తయినట్లు. మూతి చుట్టూ అన్నం మెతుకులు ఎండిపోయే చోట ఆవిడ పాత పేలదువ్వెన వాడతారు, అంతకన్నా మంచి పనిముట్టు నేను కొన్నవాటిలో లేదు. చెవి వెనక చిన్న ఉండ కట్టినప్పుడు చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్ళతో విడదీస్తే జారి విడిపోతుంది. దువ్విన బొచ్చును ఉండ చుట్టి, "చిక్కు వెంట్రుకలవాడు వస్తే స్టీలు గిన్నె ఇస్తాడేమో అడుగుదాం" అని ఆవిడ ఇప్పటికీ వేళాకోళం చేస్తుంటారు.

ఆవిడ సలహాలన్నీ పనికొచ్చాయని చెప్పను. చిక్కు రాకుండా కొబ్బరినూనె రాస్తే అది ఒళ్ళంతా నాకి రెండు రోజులు విరేచనాలు చేసుకుంది. నూనెకు దుమ్ము అంటి మళ్ళీ స్నానం పోయవలసి వచ్చింది. ముద్దపప్పు, నెయ్యి మామూలే గాని, ఉల్లిపాయలు వేసిన పులుసన్నం పెట్టబోతుంటే ఆపవలసి వచ్చింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయని, ద్రాక్ష, చాక్లెట్ కూడా ప్రమాదమని మా అబ్బాయి ఫ్రిజ్ తలుపు మీద రాసి అతికించాడు.

మావారి కోసం పెట్టుకున్న కట్టుబాట్లు వేరే ఉన్నాయి. పడకగదిలోకి సింహాద్రికి ప్రవేశం లేదు. నేలను చీపురుతో ఊడవడం మాని తడిగుడ్డతోనే తుడుస్తున్నాము, ఎందుకంటే ఊడిస్తే ఆ పొట్టు గాలిలోకి లేస్తుంది. కుక్క పడుకునే గుడ్డలను ఆదివారం వేడినీళ్ళలో ఉతుకుతాము. వారానికోసారి కుక్కల షాంపూతో స్నానం. మన షాంపూ దాని చర్మానికి పడదు. దువ్వడం బాల్కనీలో, మావారు ఇంట్లో లేని వేళ. ఆయన ఇన్‌హేలరు మానలేదు, మానమని డాక్టరు గారు అననూ లేదు. పీక్‌ఫ్లో అంకెలు రోజూ రాసుకుంటారు. నవంబరులో రెండుసార్లు తగ్గాయి గాని, ఏటా చలి మొదలయ్యేటప్పుడు తగ్గేవే కనుక దానికి కుక్కను నిందించలేము.

వేసవి మాత్రం నన్ను భయపెట్టింది. కుక్కకు చెమట ఒళ్ళంతా పట్టదు, నోరు తెరిచి ఒగర్చడమే దాని శరీరానికి ఫ్యాను. చప్పిడి మూతి ఉన్న షిట్జూకు ఆ ఫ్యాను సగం బలంతోనే తిరుగుతుంది. మే నెలలో ఒక ఆదివారం మా అబ్బాయి నిద్ర లేవడం ఆలస్యమై ఎనిమిదిన్నరకు దానిని కిందికి తీసుకువెళ్ళాడు. పావుగంటలో ఎత్తుకొని పరుగున తిరిగి వచ్చాడు. నాలుక ముదురెరుపుగా వేలాడుతున్నది, గురక పెట్టినట్లు ఊపిరి తీస్తున్నది, కాళ్ళు నిలవడం లేదు. పొట్టమీద, పాదాల మీద మామూలు కుళాయినీళ్ళు పోస్తూ ఫ్యాను కింద ఉంచి, అరగంటలో పశువైద్యుడి దగ్గరకు చేర్చాము. అప్పటికి జ్వరం 104 డిగ్రీలకు దిగింది. కుక్కకు 101, 102 మామూలే కనుక, ఇంకా ఎంత పెరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఐసునీళ్ళు పోయనందుకు ఆయన మెచ్చుకున్నారు, కాని వేళ తప్పినందుకు మా అబ్బాయిని గట్టిగానే మందలించారు. ఆ తరువాత వేసవి అంతా ఉదయం ఐదు గంటలకు, రాత్రి తొమ్మిది దాటాక మాత్రమే తిప్పాము. నేలకు అరచేయి ఆనించి చూసి, మనకు కాలకపోతేనే దానిని దింపాము. ఎండ ఎక్కువని వెంట్రుకను చర్మం దాకా గీయించడం కూడా పనికిరాదు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది.

వానల్లో సమస్య చెవులది. వేలాడే చెవుల లోపల తడి ఆరక, పచ్చళ్ళ జాడీకి బూజు పట్టినట్లు పుల్లని వాసన వచ్చేసరికి మందు వేయవలసి వచ్చింది. ఇప్పుడు స్నానం కాగానే దూదితో తుడుస్తున్నాము. కళ్ళ కింద నీరు కారి ఎర్రబారే చోట రోజూ తడి దూదితో తుడవడం, కంటిలో గుచ్చుకునే వెంట్రుకను ఎప్పటికప్పుడు కత్తిరించడం తప్పవు. ఈ జాతికి గుడ్లు ముందుకు ఉబికి ఉంటాయి కనుక చిన్న గీత పడినా పుండవుతుందని పశువైద్యుడు పదే పదే హెచ్చరించారు.

ఏ కుక్కను తెచ్చుకోమంటారని నన్ను అడిగేవారికి నేను ఒక ప్రశ్న వేస్తాను: మీ ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉందా, లేక సోఫా మీద వెంట్రుకలు ఇష్టం లేవా? అలర్జీ లేకపోతే, షిట్జూకు పెట్టే డబ్బూ సమయమూ అక్కరలేదు. మన వీధికుక్క పిల్లను తెచ్చుకోవచ్చు. దాని పొట్టి వెంట్రుక కాస్త రాలుతుంది గాని, వారానికి రెండుసార్లు ఐదు నిమిషాలు రబ్బరు బ్రష్‌తో రుద్దితే చాలు, ఎండకూ తట్టుకుంటుంది. విజయవాడలో ఉంటూ జాతి కుక్కే కావాలి, రాలకూడదు అనుకునేవారికి డబ్బు ఉంటే పూడిల్ నయమనే చెబుతాను, దాని మూతి పొడుగు కనుక ఊపిరికి ఇబ్బంది తక్కువ. దువ్వెన పని మాత్రం దానికీ తప్పదు, ఆ ఉంగరాలు ఇంకా త్వరగా చిక్కుబడతాయి.

పోయిన నెల అత్తగారు విజయనగరంలో పెళ్ళికి వెళ్ళి పన్నెండు రోజులు ఉండిపోయారు. పరీక్ష పేపర్లు దిద్దే పనిలో పడి నేను దువ్వడం రెండు రోజులకోసారికి, తరువాత నాలుగు రోజులకోసారికి జారిపోయాను. ఆవిడ వచ్చీరాగానే కాళ్ళు కడుక్కొని, సింహాద్రిని ఒళ్ళో పెట్టుకొని, ఎడమ చెవి వెనక వేళ్ళు పోనిచ్చి చింతగింజంత ఉండను పట్టుకున్నారు. ఏమీ అనలేదు. "కార్న్‌ఫ్లోర్ డబ్బా తేవే" అన్నారు.